ఐపీ వేస్తే కోర్టులో ఏం జరుగుతుంది? వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ వాళ్ల కోసం

ఓరుగల్లు_వకీలు:
మన దిక్కు "ఫలానాయన ఐపీ పెట్టిండు" అంటే అప్పులన్నీ ఎగ్గొట్టిండని అర్థం. అప్పు ఇచ్చినవాళ్లు ఇగ పైసలు పోయినట్టే అనుకుంటారు. అప్పు తీసుకున్నవాళ్లేమో వకీలు పంపిన నోటీసుతోనే కథ అయిపోయిందని నమ్ముతారు. ఇద్దరి లెక్కా తప్పే. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటిది పిటిషన్ వేయడం. రెండోది కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించడం, దీన్నే అడ్జుడికేషన్ అంటారు. మూడోది డిశ్చార్జి, అంటే అప్పుల నుంచి విడుదల. అప్పు తీరేది మూడో మెట్టు ఎక్కినప్పుడే. మొదటి మెట్టు మీదే ఆగిపోయేవాళ్లు చాలామంది, రెండోది ఎక్కి మూడోదాన్ని మరిచిపోయేవాళ్లు కొందరు. ఆ రెండు రకాల వాళ్లకూ చివరికి ఏమీ మిగలదు.

తెలిసినవాళ్లు తలా ఒక భాగం రాయండి. సొంత కథలు వద్దు. సెక్షన్, లెక్క, కాయితం, ఈ మూడే కావాలి.

అడ్తి_బజార్:
మొదటి ప్రశ్న నాదే, వకీల్ సాబ్. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా. ఈ పాతది ఇంకా బతికే ఉందా?

ఓరుగల్లు_వకీలు:
బతికే ఉంది. 2016 దివాలా స్మృతిలో మూడో భాగం వ్యక్తుల గురించి, భాగస్వామ్య సంస్థల గురించి. ఆ భాగాన్ని ఒక్క వర్గానికి మాత్రమే అమల్లోకి తెచ్చారు. కంపెనీ తీసుకున్న అప్పుకు వ్యక్తిగతంగా గ్యారంటీ ఇచ్చినవాళ్లకు, 2019 డిసెంబర్ 1 నుంచి. పాత చట్టాన్ని రద్దు చేసే సెక్షన్ 243ను ఇంకా అమల్లోకి తేలేదు.

కాబట్టి ఎనుమాముల మార్కెట్‌లో సొంత పేరు మీద అడ్తి (కమీషన్ వ్యాపారం) నడిపేవాళ్లు, కిరాణా దుకాణదారులు, నౌకరీ చేసేవాళ్లు, రైతులు ఇప్పటికీ 1920 చట్టం కిందికే వస్తారు. మీరు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి డైరెక్టరుగా ఉండి బ్యాంకుకు గ్యారంటీ సంతకం పెట్టి, ఆ గ్యారంటీ మీద బ్యాంకు వెంటపడితే మాత్రం దారి వేరు. హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోవాలి.

గందరగోళం పుట్టేది ఇక్కడే. కొత్త స్మృతిలో సెక్షన్ 96 కింద దరఖాస్తు వేసిన రోజు నుంచే తాత్కాలికంగా వసూళ్లు ఆగుతాయి. పాత చట్టంలో అట్ల లేదు. యూట్యూబ్‌లో చెప్పేది చాలావరకు కొత్త స్మృతి గురించే. అది విని జనగామ కోర్టులో ఐపీ వేసి, "ఇంక నా మీద కేసులన్నీ ఆగిపోయినయ్" అని వాయిదాలకు పోవడం మానేస్తే డిక్రీలు ఏకపక్షంగా వచ్చి పడతాయి.

జనగామ_గుమస్తా:
కోర్టు సంగతి నేను రాస్తా. పిటిషన్ వేసేది మీరు మామూలుగా నివాసం ఉండే చోట, లేదా వ్యాపారం, పని చేసుకునే చోట. అరెస్టయి ఉంటే మిమ్మల్ని ఉంచిన చోట కూడా వేయవచ్చు. చట్టంలో జిల్లా కోర్టు అని ఉన్నా, ఆచరణలో ఐపీలు నడిచేది సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో. వరంగల్, హనుమకొండ వాళ్లకు అదాలత్ దగ్గరి కోర్టుల సముదాయం. పక్క జిల్లాల వాళ్లు ఏ సీనియర్ సివిల్ జడ్జి కోర్టు పరిధిలోకి వస్తారో ముందే అడిగి తెలుసుకోండి. తప్పు కోర్టులో వేస్తే పిటిషన్ తిరిగి వస్తుంది. ఈలోపు పోయిన నెలలు మళ్లీ రావు.

అర్హతకు సెక్షన్ 10 చూడండి. అప్పులు తీర్చలేని స్థితి ఉండాలి. దానికి తోడు ఈ మూడింట్లో ఒకటి ఉండాలి: అప్పులు కనీసం 500 రూపాయలు ఉండటం, పైసల డిక్రీ అమలులో అరెస్టయి ఉండటం, లేదా అట్లాంటి డిక్రీ కింద ఆస్తి జప్తు ఉత్తర్వు అమల్లో ఉండటం. 500 అనేది 1920 నాటి అంకె. ఈ రోజుల్లో దాని దగ్గర ఎవరికీ ఇబ్బంది రాదు. ఇబ్బంది వచ్చేది "తీర్చలేని స్థితి" దగ్గర.

పద్దుపుస్తకం:
ఆ చివరి మాట పట్టుకుని రాస్తున్నా. పిటిషన్లు ఎక్కువగా అక్కడే ఓడిపోతాయి.

ఆస్తుల విలువ అప్పుల కంటే ఎక్కువని తేలితే తీర్చలేని స్థితి లేనట్టే, పిటిషన్ కొట్టేస్తారు. ఉదాహరణకు అప్పులు 38 లక్షలని రాశారు. ఆస్తుల కింద మడికొండ వైపు 200 గజాల జాగను రిజిస్ట్రేషన్ విలువ ప్రకారం 9 లక్షలు వేశారు. అప్పు ఇచ్చినాయన వకీలు అదే వీధిలో ఈ మధ్య జరిగిన అమ్మకం దస్తావేజు తెచ్చి, బజారు ధర 40 లక్షలని చూపిస్తాడు. అంకె ఒక్కటి మారితే మొత్తం కేసు తిరగబడుతుంది. కాబట్టి రిజిస్ట్రేషన్ విలువ, బజారు విలువ రెండూ రాయండి. తేడా ఎందుకుందో అక్కడే చెప్పండి. దారి లేదా, తగాదా ఉందా, అన్నదమ్ముల వాటాలు తేలలేదా?

అప్పుల షెడ్యూలు ఎట్ల ఉండాలంటే, ఒక్కో అప్పుకు ఒక వరుస. అందులో అప్పు ఇచ్చినవారి పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరుతో చిరునామా. తీసుకున్న తేదీ, అసలు, మిత్తి రేటు, ఇప్పటిదాకా కట్టింది, మిగిలింది. ఆధారం ఏమిటి: ప్రామిసరీ నోటా, చెక్కా, చిట్టీ ఒప్పందమా, ఫోన్‌పే బదిలీయా? దాని మీద కేసు ఉంటే కేసు నంబరు. నూటికి 2 రూపాయల మిత్తి అంటే నెలకు 2 శాతం, ఏడాదికి 24. దాన్ని "2 శాతం" అని రాసేసి క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి వకీలు ప్రశ్నల్లో, ఇరుక్కునేవాళ్లున్నారు.

ఆస్తుల షెడ్యూలులో పిత్రార్జితం పంచుకోకపోయినా దాచొద్దు. సర్వే నంబరు, మొత్తం విస్తీర్ణం, అందులో మీ వాటా ఎంత అన్నది రాసి, పంపకాలు కాలేదని చెప్పండి. బండి, ఎడ్లు, బ్యాంకు నిల్వ, చిట్టీలో కట్టిన వాయిదాలు, మీకు ఇతరుల నుంచి రావాల్సిన బాకీలు కూడా ఆస్తులే. రావాల్సిన బాకీలను మరిచిపోయే అడ్తిదారులే ఎక్కువ.

అడ్తి_బజార్:
ఒక అప్పు మాకు ఒప్పుకోలు లేదు. ఖాళీ నోటు మీద సంతకం తీసుకుని ఇష్టమున్న అంకె వేసుకున్నారు. దాన్ని షెడ్యూలులో రాస్తే ఒప్పుకున్నట్టే కదా? రాయకపోతే దాచినట్టా?

ఓరుగల్లు_వకీలు:
రాయాలి. అయితే రాసే తీరు వేరు. సెక్షన్ 13 అడిగేది మీ మీద ఉన్న పైసల క్లెయిములన్నింటి వివరం, మీరు ఒప్పుకున్న అప్పుల జాబితా కాదు. ఆ వరుసలో "ఈయన ఇంత రావాలని అంటున్నాడు, పిటిషనరు దీన్ని ఒప్పుకోవడం లేదు, అసలు తీసుకుంది ఇంత" అని స్పష్టంగా పెట్టాలి. అట్ల రాయకుండా ఊరికే అంకె వేస్తే, రేపు ఆయన దావాలో అదే మీ సంతకంతో ఉన్న ఒప్పుకోలుగా చూపిస్తాడు. మూడేండ్లు దాటి కాలదోషం పట్టిన నోటుకు కూడా ఇదే జాగ్రత్త.

లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసేవాళ్ల మీద మన ప్రాంతంలో 1349 ఫస్లీ నాటి మనీ లెండర్స్ చట్టం ఉంది. ఆ అభ్యంతరం ఉంటే అది కూడా ఆ వరుసలోనే రాయండి.

జనగామ_గుమస్తా:
దాఖలుకు ముందు సంచిలో ఉండాల్సిన కాయితాలు చెప్తా. ఆధార్, నివాసం రుజువు. ఉన్న నోటీసులు, సమన్లు, డిక్రీ కాపీలు. బ్యాంకు స్టేట్‌మెంట్లు మూడేండ్లవి. ఐటీ రిటర్నులు ఉంటే అవి, వ్యాపారం ఉంటే జీఎస్టీ రిటర్నులు, చిట్టా, ఆవర్జా. ఇంటికి, జాగకు ఈసీ (దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), భూమికి పట్టాదారు పాసుపుస్తకం. గతంలో ఐపీ వేసి ఉంటే దాని వివరం, అది ఎందుకు పోయిందో. ఇది సెక్షన్ 13 తప్పనిసరిగా అడుగుతుంది.

పిటిషన్ చివర ఒక ప్రకటన ఉండాలి: జప్తు నుంచి మినహాయింపు ఉన్నవి తప్ప నా ఆస్తులన్నీ కోర్టు చేతిలో పెట్టడానికి సిద్ధం అని. ఈ వాక్యం లేకుండా వచ్చిన పిటిషన్లను రిజిస్ట్రీ అభ్యంతరం వేసి తిప్పి పంపుతుంది. దావా పత్రం మాదిరే వెరిఫికేషన్, సంతకం ఉండాలి.

కాపీలు ఎన్ని? అప్పు ఇచ్చినవాళ్లు ఎంతమందో అన్ని, కోర్టుకు ఒకటి, మీకు ఒకటి. 23 మంది ఉంటే 25 సెట్లు. ప్రతి ఒక్కరికీ నోటీసు ఖర్చు, మనం బత్తా అనేది, విడిగా కట్టాలి. గడువులోపు కట్టకపోతే పిటిషన్ డిఫాల్ట్ కింద పోతుంది. ఐపీలు అన్యాయంగా చచ్చిపోయేది ఈ చిన్న కారణంతోనే.

కరీంనగర్_లేఖరి:
చిరునామాల గురించి ఒక మాట. "మహబూబాబాద్ వాసి" అని రాస్తే నోటీసు తిరిగి వస్తుంది. ఇద్దరు ముగ్గురికి తిరిగి వచ్చినా వాయిదా మీద వాయిదా. చివరికి పేపరు ప్రకటనకు అనుమతి అడగాలి, దాని ఖర్చు కూడా మీదే. అప్పు ఇచ్చినాయన చనిపోయి ఉంటే వారసుల పేర్లు పెట్టండి. చనిపోయిన మనిషి పేరు మీద నోటీసు పంపితే అది పనికిరాదు.

పంతులు_పరకాల:
నా ప్రశ్న నౌకరీ చేసేవాళ్ల తరఫున. మన దగ్గర టీచర్లు, ఆర్టీసీ వాళ్లు చిట్టీలకు జమానత్ సంతకాలు పెడతారు. చిట్టీ ఎత్తుకున్నాయన ఐపీ వేసి డిశ్చార్జి తెచ్చుకుంటే జమానత్‌దారు బయటపడతాడా?

ఓరుగల్లు_వకీలు:
బయటపడడు, పంతులు గారు. సెక్షన్ 44లో స్పష్టంగా ఉంది: డిశ్చార్జి వచ్చేది దివాలాదారుకే. భాగస్వామికి, కలిసి బాధ్యత తీసుకున్నవాళ్లకు, జమానత్‌దారుకు రాదు. పైగా అసలు మనిషి దగ్గర దొరికేది లేదని తేలిపోతే చిట్టీ కంపెనీ పూర్తిగా జమానత్‌దారు జీతం మీద పడుతుంది.

కాబట్టి ఎవరైనా ఐపీ వేసినట్టు నోటీసు వస్తే జమానత్‌దారు చేయాల్సింది చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఆ ఐపీలో హాజరై, తాను కట్టింది, కట్టబోయేది అఫిడవిట్‌తో అప్పుగా రుజువు చేసుకోవాలి. ఆస్తి అమ్మినప్పుడు వచ్చే వాటాలో అప్పుడే పేరు ఉంటుంది.

పద్దుపుస్తకం:
జీతం జప్తు లెక్క చాలామంది తప్పు చెప్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోరాదు. మినహాయింపు ఉన్న భత్యాలు తీసేసినంక జీతం 45,000 అనుకోండి. 1,000 తీస్తే 44,000. అందులో మూడో వంతు 14,666. జప్తు అయ్యేది అంతే.

అది కూడా మొత్తం 24 నెలలు. ఆ తర్వాత 12 నెలలు జీతం మీద చేయి వేయరాదు. అదే డిక్రీకైతే 24 నెలలు నిండాక ఇక శాశ్వతంగా మినహాయింపు. భార్య, పిల్లల పోషణ డిక్రీకి లెక్క వేరు, దాన్ని దీనితో కలపొద్దు.

పంతులు_పరకాల:
ఇంకో విషయం నేనే కలుపుతా. ప్రభుత్వ ఉద్యోగి ఐపీ వేసే ముందు 1964 నాటి ప్రవర్తనా నియమాలు చదువుకోవాలి. అలవాటుగా అప్పుల్లో మునగడం, దివాలా తీయడం రెండూ వాటి కిందికి వస్తాయి. శాఖకు తెలియజేయకుండా ఉంటే అదే విడిగా చార్జిమెమో. తెలియజేసేటప్పుడు అప్పు ఎట్ల అయిందో, వైద్యమా, జమానతా, వివరంగా రాసి కాపీ దాచుకోవాలి.

అడ్తి_బజార్:
అసలు ప్రశ్న అడుగుతున్నా. పిటిషన్ వేశాక ఇంటికొచ్చే ఒత్తిడి ఆగుతుందా? దావాలు, ఈపీలు (డిక్రీ అమలు పిటిషన్లు), అరెస్టు?

ఓరుగల్లు_వకీలు:
ఒక్కొక్కటిగా చెప్తా. ఇది తెలుసుకుంటే సగం మోసపోవడం తప్పుతుంది.

నడుస్తున్న దావాలు పిటిషన్ వేసినంత మాత్రాన ఆగవు. సెక్షన్ 29 కింద ఆపడానికి దివాలా ప్రకటన జరిగినట్టు రుజువు కావాలి. అప్పుడు కూడా ఆ కోర్టు దావాను ఆపవచ్చు, లేదా షరతులతో నడపవచ్చు. ప్రకటన అయ్యాక మాత్రం సెక్షన్ 28 ప్రకారం, రుజువు చేయదగిన అప్పు కోసం కోర్టు అనుమతి లేకుండా కొత్తగా ఎవరూ మీ మీద దావా వేయరాదు.

జప్తు అయి వేలానికి సిద్ధంగా ఉన్న ఆస్తి సంగతి వేరు. ఐపీ స్వీకరించినట్టు వేలానికి ముందే అమలు కోర్టుకు నోటీసు అందితే, సెక్షన్ 52 కింద దరఖాస్తు మీద ఆ ఆస్తిని రిసీవరుకు, అంటే దివాలా ఆస్తి చూసుకోవడానికి కోర్టు పెట్టిన మనిషికి, అప్పగించాలి. ఆ నోటీసు, దరఖాస్తు ఎవరో ఒకరు పెట్టాలి. పెట్టకపోతే వేలం జరిగిపోతుంది. నిజాయితీగా కొన్నవాడి హక్కు ఆ తర్వాత గట్టిగా నిలబడుతుంది.

అరెస్టు గురించి. పైసల డిక్రీకి ఆడవాళ్లను అరెస్టు చేయరాదు. మగవాళ్లకు ఆర్డర్ 21 రూల్ 37 నోటీసు వస్తే వాయిదాకు తప్పక పోయి, కట్టే శక్తి లేదని ఆధారాలతో చూపించాలి. శక్తి లేనివాణ్ని పేదరికానికి జైల్లో పెట్టరాదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. శక్తి ఉండి ఎగ్గొడుతున్నాడని తేలితే, 5,000 దాటిన డిక్రీకి గరిష్ఠంగా 3 నెలలు. అరెస్టు చేసి తెచ్చినప్పుడు, ఐపీ వేస్తానని చెప్పి, నెలలోపు వేస్తానని, పిలిస్తే వస్తానని జామీను ఇస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 55 కింద కోర్టు వదిలిపెట్టవచ్చు. ప్రకటన తర్వాత దివాలా చట్టం సెక్షన్ 31 కింద రక్షణ ఉత్తర్వు అడగాలి. అది దానంతటదే రాదు.

చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కేసు. ఐపీతో దానికి సంబంధం లేదు. వాయిదా తప్పితే వారెంటు వస్తుంది. ఈ ఒక్క విషయం గోడ మీద రాసి పెట్టుకోవాలి.

కాజీపేట_బ్యాంకర్:
బ్యాంకు వైపు నుంచి రాస్తా. తనఖా ఉన్న అప్పును ఐపీ ఆపదు. సెక్షన్ 28లోనే ఆరో ఉపసెక్షన్ ఉంది: హామీ ఉన్న రుణదాత తన హామీని అమ్ముకునే హక్కు అట్లనే ఉంటుంది.

ఇల్లు తనఖా పెట్టి ఉంటే సర్ఫేసీ చట్టం (బ్యాంకులు తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం) ప్రకారం ముందు 13(2) నోటీసు, 60 రోజుల గడువు. ఆ గడువులో రాతపూర్వకంగా అభ్యంతరం పెడితే బ్యాంకు జవాబు ఇవ్వాలి. తర్వాత 13(4) కింద స్వాధీనం. దాని మీద 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు పోవాలి, సివిల్ కోర్టుకు కాదు. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు. అట్లని భూమి తనఖా అప్పు పోదు, బ్యాంకు సివిల్ దావాకో ట్రిబ్యునల్‌కో పోతుంది. అప్పు 20 లక్షలకు తక్కువైతే సివిల్ కోర్టే.

కుదువ పెట్టిన బంగారం కూడా హామీ కిందికే వస్తుంది. ఐపీ నంబరు చూపించి వేలం ఆపమంటే ఆపరు. వేలంలో అప్పు పోను మిగిలితే అది మీకు, ప్రకటన అయి ఉంటే రిసీవరుకు రావాలి. వేలం లెక్క రాతపూర్వకంగా అడగండి.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. ఉల్లంఘిస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు, ఆ తర్వాత ఓంబుడ్స్‌మన్.

కరీంనగర్_లేఖరి:
ఇప్పుడు అందరూ చేసే పెద్ద తప్పు. అప్పులు ముదిరాక, ఐపీకి ముందు, ఇల్లు భార్య పేరు మీద గిఫ్టు రిజిస్ట్రేషన్ చేస్తారు. "పేరు మీద ఏమీ లేదు కాబట్టి ఎవరూ ఏం చేయలేరు" అని సలహా ఇచ్చేవాళ్లు ఊరికొకరు ఉంటారు.

సెక్షన్ 53 ఏం చెప్తుందంటే, బదిలీ జరిగిన రెండేండ్లలోపు వేసిన పిటిషన్ మీద దివాలా ప్రకటన వస్తే, ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. నిజాయితీగా, తగిన వెల ఇచ్చి కొన్నవాళ్లకు మాత్రం రక్షణ. సెక్షన్ 54 ఇంకోటి: పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో అందరినీ పక్కన పెట్టి ఒక్కరికే, బావమరిదికో దోస్తుకో, మొగ్గు చూపి తీర్చితే అదీ రద్దే.

అప్పు ఇచ్చినవాళ్లూ ఇది చదవండి. అట్లాంటి బదిలీ దివాలా చర్య. దాని ఆధారంగా మీరే ఐపీ వేయవచ్చు. కానీ ఆ చర్య జరిగిన మూడు నెలల్లోపే వేయాలి. ఈసీ తీసి చూసేసరికి నాలుగో నెల వస్తే ఆ దారి మూసుకుపోతుంది. అనుమానం వచ్చిన వారమే ఈసీ తీయండి.

ఓరుగల్లు_వకీలు:
లేఖరి గారు చెప్పినదానికి ఒక్క చేర్పు. బదిలీ రద్దుకు దరఖాస్తు వేయాల్సింది రిసీవరు. ఆయన వేయనంటే అప్పు ఇచ్చినవాళ్లు కోర్టు అనుమతితో సెక్షన్ 54ఎ కింద తామే వేయవచ్చు. రిసీవరు కదలడం లేదని నిరాశపడి వదిలేయొద్దు.

అడ్తి_బజార్:
విచారణ రోజు ఏం అడుగుతారు?

జనగామ_గుమస్తా:
సెక్షన్ 24 ప్రకారం అప్పు ఇచ్చినవాళ్ల ముందే మిమ్మల్ని ప్రవర్తన, లావాదేవీలు, ఆస్తుల గురించి విచారిస్తారు. మీరు వేసుకున్న పిటిషన్ అయితే తీర్చలేని స్థితికి ప్రాథమిక ఆధారం చూపిస్తే చాలు, నూటికి నూరు రుజువు అక్కర్లేదు. కానీ క్రాస్ గట్టిగానే ఉంటుంది.

వచ్చే ప్రశ్నలు ఇవి. ఫలానా నెలలో ఖాతాలో పడ్డ 6 లక్షలు ఎటు పోయినయ్? కారు ఎవరికి, ఎంతకు అమ్మారు? షెడ్యూలులో ఉన్న ఈ నలుగురు మీకు చుట్టాలు కాదా? వాళ్లు నగదు ఇచ్చారంటున్నారు, వాళ్ల ఆదాయం ఎంత? పెళ్లికి పెట్టిన ఖర్చు ఎంత? పత్తి, మిర్చి ధర పడితే నష్టం అన్నారు, ఆ ఏడాది తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు) ఏవి?

చుట్టాలను అప్పు ఇచ్చినవాళ్లుగా నింపే పిటిషన్ ఈ ప్రశ్నల దగ్గరే కూలిపోతుంది. అబద్ధపు షెడ్యూలు, దాచిన పుస్తకం, దాచిన ఆస్తికి సెక్షన్ 69 కింద ఏడాది దాకా జైలు. భార్య స్త్రీధనం ఆమెదే, దాన్ని మీ ఆస్తి కింద చూపించాల్సిన పని లేదు. కానీ మీ పైసలతో అప్పులయ్యాక కొన్న నగలను స్త్రీధనమంటే నిలవదు.

పద్దుపుస్తకం:
ఇంట్లోంచి ఏం తీసుకుపోతారో అన్న భయానికి జవాబు. బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు పోవు. మంగళసూత్రం పోదు. చేతివృత్తి పనిముట్లు పోవు. రైతుకు నాగలి, ఎడ్లు, విత్తనం, ఆయన ఉంటున్న ఇల్లు మినహాయింపు. భూమికి ఆ మినహాయింపు లేదు. ప్రావిడెంట్ ఫండ్, పీపీఎఫ్, ప్రభుత్వ పింఛను, సొంత జీవిత బీమా పైసలకు మినహాయింపు ఉంది. కూలి మనిషి కూలికి కూడా.

ఓరుగల్లు_వకీలు:
ప్రకటన వచ్చాక ఏమవుతుంది? ఆస్తి కోర్టుకో అఫీషియల్ రిసీవరుకో పోతుంది. పిటిషన్ వేసిన తేదీ నుంచే పోయినట్టు లెక్క. డిశ్చార్జి దాకా కొత్తగా వచ్చే ఆస్తి, వారసత్వం సహా, అందులోకే పోతుంది. అప్పు ఇచ్చినవాళ్లు అఫిడవిట్‌తో రుజువులు ఇస్తే షెడ్యూలు తయారవుతుంది. ఆస్తి అమ్మి ప్రభుత్వ, స్థానిక సంస్థల బాకీలు ముందు తీర్చి, మిగతాది దామాషాగా పంచుతారు.

ఈ కాలంలో, డిశ్చార్జి కాలేదన్న సంగతి చెప్పకుండా 50 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పు తెచ్చినా సెక్షన్ 72 కింద 6 నెలల దాకా జైలు. 50 అంకె పాతదే అయినా సెక్షన్ అమల్లోనే ఉంది. ఎమ్మెల్యే, ఎంపీ పదవులకు రాజ్యాంగమే అనర్హత పెట్టింది.

మధ్యలో రాజీ దారి కూడా ఉంది. ప్రకటన తర్వాత మీరు ఒక ప్రతిపాదన పెట్టి, రుజువైన అప్పు ఇచ్చినవాళ్లలో సంఖ్య ప్రకారం సగానికి మించి, విలువ ప్రకారం నాలుగింట మూడొంతులు ఒప్పుకుంటే, కోర్టు ఆమోదిస్తే మిగతావాళ్లకూ అది కట్టుబాటే. 40 లక్షల అప్పుకు 30 లక్షల విలువ గలవాళ్లు కావాలి. పెద్ద అప్పు ఇచ్చిన ఇద్దరు ముగ్గురితో ముందే మాట్లాడుకోవడం అందుకే తెలివి.

పంతులు_పరకాల:
డిశ్చార్జి ఎవరికి నిరాకరిస్తారు?

ఓరుగల్లు_వకీలు:
సెక్షన్ 42. ఆస్తుల విలువ అప్పుల్లో సగానికి కూడా రాకపోతే, అంటే చట్టం మాటల్లో రూపాయికి ఎనిమిది అణాలు, అది తన తప్పు వల్ల కాదని చూపించాలి. పంట పోయింది, దుకాణం కాలింది, ఇంట్లో పెద్ద జబ్బు అంటే దవాఖాన బిల్లులు, పంచనామా పెట్టండి. గత మూడేండ్ల లెక్కల పుస్తకాలు లేకపోవడం, తీర్చలేనని తెలిసి కొత్త అప్పు చేయడం, జూదం, అడ్డగోలు ఖర్చు, నష్టానికి లెక్క చెప్పలేకపోవడం, ఇవి ఉంటే పూర్తి డిశ్చార్జి రాదు. కోర్టు వాయిదా వేయవచ్చు, రాబోయే సంపాదనలోంచి కట్టాలని షరతు పెట్టవచ్చు. ఆన్‌లైన్ బెట్టింగ్, షేర్ల ఊహాగానం ఈ సెక్షన్ కింద ఎట్ల కనిపిస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వ బాకీ, మోసంతో చేసిన అప్పు, భార్యాపిల్లల పోషణ బాధ్యత పోవు.

కాజీపేట_బ్యాంకర్:
చాలామందికి ఐపీ కంటే లోక్ అదాలత్ రాజీ, బ్యాంకు ఓటీఎస్ (ఒకేసారి కట్టి తెంచుకునే ఒప్పందం) మేలు. అప్పు ఇచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురే ఉండి, చేతిలో కొంత సొమ్ము పుట్టే అవకాశం ఉంటే ఐపీ వేయొద్దు. 15, 20 మంది ఉండి, ఎవరికెంత ఇచ్చినా మిగతావాళ్లు మీద పడేటట్టు ఉంటేనే ఐపీకి అర్థం ఉంది. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టేది అదొక్కటే.

జనగామ_గుమస్తా:
వకీలు ఫీజుకు శక్తి లేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు. ఫోన్ 15100. కేసు నంబరు పడ్డాక 16 అక్షరాల సీఎన్ఆర్ రాసుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీలు మీకే కనబడతాయి.

అడ్తి_బజార్:
ఆఖరి ప్రశ్న. దివాలా ప్రకటన వచ్చిందనుకుందాం. మిగతా కోర్టులకు, ఈపీ నడిచే కోర్టుకు ఎవరు చెప్తారు?

జనగామ_గుమస్తా:
ఎవరూ చెప్పరు. ఉత్తర్వు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు వేయండి, ఎన్ని కేసులుంటే అన్ని కాపీలు. ప్రతి కేసులో మెమోతో పాటు కాపీ పెట్టి, సెక్షన్ 29 కింద ఆపమని విడిగా పిటిషన్ వేయాలి. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజుల్లో.

ఉత్తర్వులో ఇంకో వాక్యం కింద గీత గీయండి: డిశ్చార్జికి దరఖాస్తు ఎప్పటిలోగా వేయాలో కోర్టు అక్కడే గడువు రాస్తుంది. ఆరు నెలలో, ఏడాదో. ఆ తేదీలోపు వేయలేకపోతే గడువు ముగియకముందే సెక్షన్ 27 కింద పొడిగింపు అడగాలి. మరిచిపోతే సెక్షన్ 43 కింద ప్రకటనే రద్దవుతుంది, ఆగిన ఈపీలన్నీ మళ్లీ లేస్తాయి, కోర్టు అనుమతి లేకుండా మళ్లీ ఐపీ వేయడానికి కూడా వీలుండదు. ఆ తేదీని మీ వకీలు డైరీలో, మీ ఇంటి క్యాలెండర్‌లో రెండు చోట్లా రాయించండి.